ఉత్త డబ్బా పంపకూడదు

ధర్మవరం,
12 ఆగస్టు 1936

చిరంజీవి హనుమంతరాయునికి, నీ బావ గోవిందరాజులు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొనే ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అక్క రత్నమ్మ నా భుజం మీదుగా తొంగిచూస్తూ "అది రాయి, ఇది రాయి" అంటోంది కాబట్టి అక్షరాలు వంకర పోతే ఆ పాపం నాది కాదు.

నువ్వు సిలోను పోయి ఏడాది దాటింది. మీ బామ్మర్ది ఆడ ఏం పని చేస్తాండాడప్పా అని వీధిలో అందరూ అడుగుతారు. పురుగుల్ని సాకుతాడు అని చెబితే నవ్వుతారు. మగ్గాల ఇంట్లో పుట్టి, సముద్రం దాటి పురుగుల్ని సాకడం నీకే చెల్లింది. మీ నాయన ముత్యాలప్ప మామ కూడా అంతే కదా. కరువులో సిలోను తోటలకు కూలికి పోయి, వచ్చేటప్పుడు గోతాము నిండా కొబ్బరి విత్తనపు కాయలు మోసుకొచ్చాడు. హిందూపురం పక్కన పెన్న ఒడ్డున వాటిని నాటి, మళ్లీ మగ్గం ముట్టలేదు. మీ ఇంటి మగవాళ్లకు పోగంటే గిట్టదు.

ఇప్పుడు చెప్పవలసింది ఆ తోట సంగతే. పోయిన వారం అత్తను చూడటానికి హిందూపురం పోయినాను. చెట్లన్నీ కింది మట్టల నుంచి మాడిపోతున్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో తోటకు నిప్పుపెట్టి ఆర్పినట్టుంది. ఆకు తిప్పి చూస్తే అడుగున బూజు, బూజులో నల్లతల పురుగులు. పెనుకొండ నుంచి వ్యవసాయ శాఖ నరసప్ప అని ఒకాయన వచ్చి, పురుగు పట్టిన మట్టలన్నీ నరికి కాల్చాలి, లేకుంటే పక్క తోటలకు ఎక్కుతుంది, ఇది సర్కారు చట్టం అని చెప్పి పోయినాడు. మంచివాడే. కానీ మట్టలన్నీ నరికితే ఆ ముసలి చెట్లు మళ్లీ లేస్తాయా? మీ అమ్మ బావి గట్టున కూచొని, "నరికేది ఉంటే నన్ను మొదులు నరకమను" అంటోంది. ఆయన నాటిన చెట్లు తన కళ్ల ముందు పోతే ఆమె మిగలదని రత్నమ్మ ఏడుస్తోంది.

అన్నట్టు, ఆ పాత సిలోను గోతాము ఇంకా దూలానికే వేలాడుతోంది. కాయలు వేసుకుంటానని అడిగితే అత్త "అది మనది కాదప్పా, ముట్టొద్దు" అంది. ఇంట్లో ముప్పయ్యేళ్లుగా ఉన్న గోతాము మనది కాకపోవడం ఏమిటో నాకు తెలియదు.

పురుగుల్ని సాకేవాడివి కదా, చంపే దారి కూడా తెలిస్తే రాయి.

నీ మేలు కోరే, నిన్ను ఎగతాళి చేసే హక్కు ఉన్న
గోవిందరాజులు


సిలోను, కొబ్బరి తోటల నడుమ,
30 ఆగస్టు 1936

బావకు నమస్కారాలు. వంకర అక్షరాల బావను సరిగ్గా నిలబెట్టే అక్కకు అంతకంటే పెద్ద నమస్కారం.

నీ జాబు చదివి అన్నం సయించలేదు. ఆ పురుగు నాకు బాగా తెలుసు. ఏడాదిగా దాని మొహమే చూస్తున్నాను. అమ్మను బావి గట్టు మీది నుంచి లేవనీయకండి. మట్టలు నరకనీయకండి.

నా పని ఏమిటో ఈసారైనా విను. మా సర్కారు షెడ్డులో ఆ నల్లతల పురుగుల్ని సాకేది వాటి మీద ప్రేమతో కాదు. నువ్వుగింజంత నల్ల కందిరీగ ఒకటుంది. మనుషుల్ని కుట్టదు, చెట్టును ముట్టదు. అది ఆకు కింది బూజులోకి దూరి, పురుగును కుట్టి పడేసి, దాని మీదే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ పురుగును తిని, పక్కనే గోధుమ రంగు పట్టుతో చిన్న గూళ్లు అల్లుకుంటాయి. ఆ గూళ్ల నుంచి మళ్లీ కందిరీగలు వస్తాయి. అంత ఎత్తు చెట్టెక్కి మందు చల్లేవాడు లేడు కానీ, ఆ కందిరీగకు ఎత్తు లెక్క కాదు.

ఆ షెడ్డు నడిపే మా దొరకు జావా నుంచి ఒకరు, ఫిజీ నుంచి ఒకరు, మద్రాసు నుంచి ఒకరు జాబులు రాస్తారు. ఒక దేశంలో పంటకు పురుగు పడితే దాని శత్రువు ఎవరి దగ్గరుందో వెతికి, పెట్టెలో పెట్టి పంపుకుంటారు. మొక్కలు మాత్రం తనిఖీ లేకుండా సముద్రం దాటకూడదు, వాటితోపాటు కొత్త పురుగులు దాటుతాయని భయం. దేశాలు తగవులాడుకున్న సంగతి పేపర్లో వస్తుంది, ఈ ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఎవరూ అచ్చు వేయరు.

మన తోటకు కొన్ని గూళ్లు ఇమ్మని దొరను అడుగుతాను. రెండు సర్కార్ల అనుమతి రావాలి. నాతో పనిచేసే పెరేరా అర్జీ రాయడంలో దిట్ట. అంతవరకు నరసప్పగారిని ఎట్లాగైనా ఆపు. నువ్వు మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాడు వచ్చిన పని మరిచిపోతాడు కదా, ఆ విద్య ఇప్పుడు వాడు.

నీ పురుగుల మరిది
హనుమంతరాయుడు


ధర్మవరం,
10 అక్టోబరు 1936

గోధుమ రంగు పట్టు గూళ్లు సాకుతున్న నా బంగారు మరిదికి బావ దీవెనలు.

ఇన్నాళ్లూ ఈ మాట దాచిపెట్టి ఏవో పురుగులు అన్నావు. అద్దకం లేకుండానే గోధుమ రంగు వచ్చే పట్టు అంటే ఏమనుకున్నావు? ఎరుపు అంచు వేసి, చీర ఒళ్లంతా ఆ రంగే నేస్తే ధర్మవరంలో ఎవరి మగ్గం మీదా అటువంటి చీర ఉండదు. రాత్రంతా నిద్ర లేదు. మా వీధిలో చెప్పేశాను కూడా. మా మరిది మగ్గం వదల్లేదు, మగ్గానికి కొత్త పట్టు వెతకడానికి పోయినాడు అని. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

మీ అక్క నీ జాబు పూర్తిగా చదవమంటోంది. పూర్తిగానే చదివినాను, కావలసిన చోట రెండుసార్లు.

నరసప్పతో మాట్లాడినాను. నువ్వన్నట్టే పెనుకొండ కోట గురించి మొదలుపెట్టి, మా తాత నేసిన చీర ఏ రాణి కట్టిందో చెప్పేసరికి ఆయన రైలు పోయింది. మళ్లీ రైలు వచ్చేదాకా వేరే దారి లేక తోట సంగతి విన్నాడు. ఉగాది దాకా గడువు ఇచ్చాడు. "ఉగాది పోయినంక నా చేతిలో ఉండదప్పా, పక్క తోటలోళ్లు నా మీద అర్జీలు పెడతాండారు" అన్నాడు. ఉగాదికి పురుగు తగ్గకపోతే మట్టలు పోతాయి.

అత్తకు నీ కందిరీగల సంగతి చదివి వినిపించాం. "వానికి నాయన పోలికే, ఆ దేశం నుంచి ఏదో ఒకటి మోసుకొస్తాడు" అని చాలా రోజుల తర్వాత నవ్వింది.

గూళ్లు బిరీన పంపు.

గోవిందరాజులు


సిలోను,
2 డిసెంబరు 1936

బావకు, అక్కకు, అమ్మకు ముగ్గురికీ కలిపి ఒకటే దండం, టపా బరువు తగ్గుతుంది.

అనుమతి వచ్చింది. మడకశిర ఉలిగప్ప ఇక్కడి తోటలో మేస్త్రీ, సెలవు మీద ఊరికి వస్తున్నాడు. అతని చేతికి బిస్కెట్ల డబ్బా ఒకటి ఇచ్చాను. అందులో కొబ్బరాకు లేదు, మట్టి లేదు, దూది మీద గూళ్లు మాత్రమే ఉన్నాయి. రేవులో ఉలిగప్ప మూటలు విప్పి, జేబులు తడిమి, అతని నాలుక కూడా చూశారట. మా దొర ముద్ర చూసి పురుగుల డబ్బాకు మాత్రం దారి వదిలారట. పురుగుకున్న మర్యాద మనిషికి లేదు అని అతను రేవు నుంచి జాబు రాశాడు.

జాగ్రత్తగా విను. డబ్బా హిందూపురం స్టేషన్లో తీసుకొని నేరుగా తోటకు పోవాలి. సాయంత్రం చల్లబడ్డాక మూత తీసి, దూదితో సహా మట్టలకు కట్టాలి. వేడి మాత్రం తగలనీయొద్దు. ఈ గూళ్లు దొరకడానికి నేను దొర ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో పెరేరాను అడిగితే చెప్తాడు.

నీ చీర సంగతి నాకు అర్థం కాలేదు. తోట పచ్చబడితే అక్కకు పచ్చ చీర పెడతానన్నావని అనుకున్నాను. పెట్టు, మంచిదే.

డబ్బా సర్కారుది. తిరిగి పంపాలి.

హనుమంతరాయుడు


ధర్మవరం,
22 డిసెంబరు 1936

మరిదికి బావ రాయునది, కొంచెం కోపంగానే.

డబ్బా చేరింది. హిందూపురం స్టేషన్లో నేనే స్వయంగా అందుకున్నాను. సగం గూళ్లు అత్తకిచ్చి తోటలో కట్టమన్నాను. ఆమె అన్నీ బావి పక్కన మామ మొట్టమొదట నాటిన చెట్టుకే కట్టింది. మిగతా సగం ధర్మవరం తెచ్చాను, నమూనాకు.

మరిదీ, నిన్ను ఎవరో మోసం చేశారు. అది పట్టు కాదు. మా వీధి హనుమక్క పట్టుకాయల నుంచి పోగు తీయడంలో ఎంత నేర్పరో నీకు తెలుసు. ఆమె పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, నీ గూళ్లు అందులో వేసి, పుల్లతో తిప్పి తిప్పి చూసింది. జానెడు పోగు రాలేదు. "ఏమప్పా గోవిందరాజులూ, ఈటికి పోగు యాడుండాది? ఇవి పట్టుకాయలా, జొన్నపొట్టా?" అంది. చూడటానికి వచ్చిన వీధి వీధంతా నవ్వింది. పైగా నీళ్ల మీద నల్లగా చిన్న ఈగలు తేలినాయి. సరుకులో పురుగు పడిందన్నమాట.

వేడి తగలనీయొద్దని నువ్వు రాసినావు. వేన్నీళ్లు లేకుండా పోగు ఎట్లా విడుతుందబ్బా? సిలోనులో పట్టు తెలిసినవాడు ఒక్కడూ లేడని ఆ మాటతోనే తెలిసిపోయింది.

మంచి గూళ్లు చూసి పంపు. నా పరువు నీ చేతిలో ఉంది. మీ అక్క ఈ జాబు చదివి నెత్తి కొట్టుకొని లోపలికి పోయింది. ఎందుకో తెలియదు.

గోవిందరాజులు


సిలోను,
10 జనవరి 1937

బావా,

నీ జాబు చదివి రెండు రోజులు కలం పట్టలేదు. పట్టి ఉంటే ఏం రాసేవాణ్ణో నాకే భయం.

ఆ నీళ్ల మీద తేలిన నల్ల ఈగలే నేను పంపింది. సరుకే అవి. గూడు వాటికి ఉయ్యాల, అంతే. పుట్టబోయే పసిబిడ్డల ఉయ్యాలను తీసుకుపోయి మరిగే నీళ్లలో వేసి, పోగు రాలేదని నాకు జాబు రాశావు. మా అమ్మ చెట్లను కాపాడవలసిన సగం ప్రాణాలు హనుమక్క పొయ్యి మీద పోయినాయి. నేను ఏ జాబులోనైనా పట్టు అమ్ముతానని రాశానా? గోధుమ రంగు పట్టు అనే ఒక్క మాట పట్టుకొని మిగతా జాబంతా వదిలేశావు.

దొరకు ఏం చెప్పాలో తెలియక నిజమే చెప్పాను. ఆయన పెరేరాను పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి నవ్వడం మొదలుపెట్టి, బల్ల పట్టుకొని నవ్వినారు. ఆ నవ్వు చూసి నాకు కూడా కోపం నిలవలేదు. ధర్మవరంలో పుట్టినవాడు గూడు చూస్తే వేన్నీళ్లే గుర్తొస్తాయని వాళ్లకు నేనే చెప్పవలసి వచ్చింది.

కానీ బావా, మళ్లీ ఇప్పట్లో పంపలేరు. అనుమతి ఒక్కసారికే. అమ్మ బావి చెట్టుకు కట్టిన సగమే మనకు మిగిలింది. అది బతికితే తోట బతుకుతుంది. పోయి చూడు. చేతులు వెనక్కి కట్టుకొని చూడు.

హనుమంతరాయుడు


హిందూపురం, అత్త తోట,
8 మార్చి 1937

ప్రియమైన మరిదికి, మంచం కింద దాక్కోవలసిన బావ రాయునది.

నీ జాబు మీ అక్క నాకు గట్టిగా, వీధి వినేటట్టు చదివింది. ఇంకేం మిగిలింది. తప్పు నాది. ఆ రోజే మగ్గం ఆపి హిందూపురం వచ్చేశాను, అప్పటి నుంచి తోటలోనే ఉన్నాను. అత్త నన్ను చూసి "ఏం మాట్లాడొద్దు. గమ్మునుండు. రాగి సంగటి ఉండాది, తిను" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పొద్దున లేచి బావి చెట్టు కిందే కూచుంటాను. ఎక్కడానికి ఒక మనిషిని పెట్టి మట్ట దింపించి చూస్తాను, చేతులు వెనక్కి కట్టుకొనే. ఒకనాడు బూజులో నల్లగా ఒక చుక్క కదిలింది. నువ్వుగింజంతే. అది ఆ పురుగు చుట్టూ తిరిగింది, వీపు మీదికెక్కింది, కుట్టింది. అంత లావు పురుగు వాలిపోయింది. నేను చంపినవి ఇవా అనిపించింది. మరిదీ, నేను ఏడ్చినాను. ఎవరికీ చెప్పొద్దు. ముఖ్యంగా మీ అక్కకు చెప్పొద్దు.

కానీ తోట ఇంకా మాడినట్టే ఉంది. ఒక్క చెట్టు దగ్గర నాలుగు కందిరీగలు తిరిగితే తోటంతా ఎప్పుడు పచ్చబడాలి? ఉగాది దగ్గరికి వచ్చేసింది.

ఉలిగప్ప మళ్లీ సిలోను పోతున్నాడు. డబ్బా అతనికిస్తుంటే అత్త చేయి పట్టుకొని ఆపింది. "ఉత్త డబ్బా పంపుతారా? పక్కింటోళ్లు గిన్నెలో పులుసు పోసిస్తే కడిగి ఉత్త గిన్నె ఇస్తామా? ఏదో ఒకటి ఏసి ఇయ్యాల. మనం అట్లాంటోళ్లమా" అని, తానే పోయి లేత చింతచిగురు కోసి, తడిగుడ్డలో చుట్టి డబ్బా నిండా పెట్టింది. పప్పులో వేసుకో. నీకిష్టమని ఆమె ఇంకా మరిచిపోలేదు.

నీ బుద్ధి వచ్చిన బావ
గోవిందరాజులు


సిలోను,
2 ఏప్రిల్ 1937

బావకు, తోటలో మకాం పెట్టినందుకు నిండు మనసుతో నమస్కారం. ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పను. అక్కకు ఇదివరకే తెలుసు, ఆమె నాకు వేరే జాబు రాసింది.

చింతచిగురు సంగతి విను. మొక్కల తనిఖీ వాళ్లు రేవులో డబ్బా మూత తీశారు. లోపల ఆకు. ఏ ఆకు తనిఖీ లేకుండా సముద్రం దాటకూడదని నేను ఊరూరా చెప్పి తిరుగుతుంటానో, ఆ ఆకు మా ఇంటి నుంచి, మా షెడ్డు పేరున్న డబ్బాలో, నా పేరుతోనే దిగింది. నన్ను పిలిపించారు. నా కళ్ల ముందే దాన్ని కాల్చారు. బావా, ఆ వాసన. ఇక్కడికి వచ్చాక చింతచిగురు పప్పు తినలేదు నేను. దగ్గరి చుట్టం పోయినట్టు నిలబడ్డాను. తనిఖీదారు దయగలవాడు, "మీ అమ్మ పంపిందా" అని అడిగి ఇంకేమీ అనలేదు. ఇకమీదట ఆకూ వేరూ మట్టీ వద్దని అమ్మకు చెప్పండి. ప్రేమ తగ్గినట్టు అనుకోవద్దని కూడా చెప్పండి.

ఇప్పుడు అసలు మాట. మా షెడ్డులోకి చీమలు పడ్డాయి. పెద్ద వాన కురిసి బల్లల కాళ్ల కింది నీటిపళ్లేలు కొట్టుకుపోయినాయి, ఒక్క రాత్రిలో చీమలు ఎక్కి గూళ్లన్నీ తినేశాయి. సాకిన కందిరీగ ఒక్కటీ మిగల్లేదు. బయట తోటల్లో వెతికినా దొరకడం లేదు. ఇక్కడ కొబ్బరి చెట్టే బతుకుగా ఉన్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి, పురుగు మళ్లీ లేస్తోంది. దొర జావాకు రాశాడు. వాళ్ల దగ్గర లేదట. ఈ లోకంలో మాకు తెలిసి ఆ కందిరీగ ఉన్న చోటు ఇప్పుడు ఒక్కటే, బావి పక్కన నాయన నాటిన చెట్టు.

అడగడానికి నాకు నోరు రావడం లేదు. మన తోటకే చాలవని నాకు తెలుసు. అయినా దొర అడగమన్నాడు, అడుగుతున్నాను. అనుమతి కాగితం, గాజు గొట్టాలు ఆ డబ్బాలోనే పెట్టి పంపుతున్నాను. కుదరకపోతే డబ్బా అక్కడే ఉంచండి.

హనుమంతరాయుడు


ధనుష్కోడి రేవు,
6 మే 1937

మరిదికి, బెంగుళూరు దాటి ఎన్నడూ పోని నీ బావ సముద్రం ముందు కూచొని రాయునది. ఎంత నీళ్లబ్బా ఇవి.

మొదటి నుంచి చెప్తాను. ఉగాది పోయిన మరునాడే నరసప్ప గొడ్డళ్లవాళ్లతో తోటకు వచ్చాడు. అత్త బావి గట్టున కూచుంది. నేను ఈసారి పెనుకొండ కోట ఎత్తలేదు. "అయ్యా, ఒక్క మట్ట దింపి చూడండి, తర్వాత మీ ఇష్టం" అన్నాను. దక్షిణపు గట్టు చెట్టు మట్ట దింపినారు. అన్నీ పురుగులే. ఇంకొకటి దింపినారు. అదీ అంతే. అప్పుడు అత్త లేచి, "ఆడ కాదయ్యా, ఈడ సూడు" అని బావి చెట్టు చూపించింది. ఆ మట్ట తిప్పితే, మరిదీ, పురుగులన్నీ వాలిపోయి ఉన్నాయి, వాటి పక్కనే వరసగా నీ గోధుమ రంగు గూళ్లు. దాని పక్క చెట్టులోనూ అంతే. ఆ పక్క చెట్టులోనూ. బావి చుట్టూ ఉన్న చెట్లకు మొవ్వులో నుంచి వచ్చిన ఆకు మాడలేదు, పచ్చగా ఉంది. నరసప్ప కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు. "ఏమమ్మా, ఈ సైన్యాన్ని యాడ దాచిపెడితివి" అని నవ్వి, గొడ్డళ్లవాళ్లను పంపేశాడు. పక్క తోటలవాళ్లకు తానే చెప్తానన్నాడు. తోట నిలిచింది.

అదే వారం నీ డబ్బా చేరింది. నీ జాబు చదివి నాకు మనసు ఒప్పలేదు, నిజం చెప్తున్నా. "అత్తా, ముందు మన తోట పూర్తిగా పచ్చబడనీ, వచ్చే ఏడు పంపుదాం" అన్నాను. ఆమె నన్ను ఎట్లా చూసిందో. "మన తోట మాడేటప్పుడు వాళ్లు వచ్చే ఏడు పంపుతామనిరా? నిండా ఎయ్యప్పా. రోంత మిగిలితే మనకు చాలు, అవే పెరుగుతాయి" అంది. నరసప్ప అక్కడే ఉండి కాగితాలన్నీ తన చేతితో నింపి, పెనుకొండలో ముద్ర వేయించి తెచ్చాడు.

ఎండాకాలం టపాలో వేస్తే సామాన్ల పెట్టెలో ఉడికిపోతాయి. ఒకసారి ఉడికించినవాణ్ణి నేనే కదా, రెండోసారి ఉడకనిస్తానా? అందుకే నేనే బయలుదేరినాను. హిందూపురం నుంచి ఇక్కడిదాకా డబ్బా నా ఒళ్లోనే ఉంది. లోపల మెత్తగా మా మగ్గం పట్టు తుక్కు పరిచాను, పైన తడిగుడ్డ చుట్టాను, ఆగిన ప్రతి స్టేషన్లో ఆ గుడ్డ తడిపినాను. ఏమప్పా అందులో అని అడిగినవాళ్లకు పసిబిడ్డలు అని చెప్పినాను. ఒకాయన లేచి దూరం పోయి కూచున్నాడు.

డబ్బా తీసుకుపోవడానికి ఉలిగప్ప సిలోను నుంచి పడవ దిగి వచ్చాడు. ఈ జాబు, డబ్బా ఇద్దామని లేస్తున్నాను. చేయి రావడం లేదు.

గోవిందరాజులు


సిలోను,
20 జూన్ 1937

పడవ ఎక్కకుండానే సముద్రం దాటించిన బావకు సాష్టాంగం.

అన్నీ బతికే వచ్చాయి. మూత తీసిన రోజు షెడ్డులో అందరం డబ్బా చుట్టూ మూగాం. పెరేరా అద్దం పెట్టి చూసి, కదులుతున్నాయి అని గట్టిగా చెప్పగానే మా దొర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు పళ్లేలు పళ్లేలుగా పెరుగుతున్నాయి, మొదటివి ఊళ్లలోకి వదిలేశాం. బల్లల కాళ్ల కింద ఇప్పుడు రాతి తొట్లు పెట్టాం, చీమలు ఈదలేవు.

నీ పట్టు తుక్కు దొరకు ఎంతో నచ్చింది. దూది కంటే చల్లగా ఉందట. ఇకనుంచి ఎక్కడికి గూళ్లు పంపినా దాని మీదే పంపుతామంటున్నాడు. చివరికి నీ పట్టు, నా పురుగు ఒకే డబ్బాలో కలిశాయి చూడు.

ఇంకొక మాట. జావా వాళ్లు ఆ కందిరీగ కావాలని అడిగారు. ప్రతి గొట్టానికి ఎక్కడి నుంచి వచ్చిందో చీటీ అంటించాలి. దొర నన్ను అమ్మ పేరు అడిగి, "హిందూపురం, పుట్టమ్మ తోట" అని రాయించాడు. ఆ చీటీ ఓడ ఎక్కింది. అమ్మకు చదివి వినిపించు.

నాకు సెలవు దొరికింది. వచ్చే నెల వస్తున్నాను. డబ్బా నేనే తెస్తాను.

హనుమంతరాయుడు


హిందూపురం, అత్త తోట,
15 జూలై 1937

మరిదికి బావ రాయునది. రైలు ఎక్కేలోపు అందుతుందని ఆశ.

వానలు పడ్డాయి. చెట్లకు కింద మాడిన మట్టలు రాలిపోతున్నాయి, పైన అంతా పచ్చగా ఉంది. పక్క తోటలవాళ్లు గంపలు పట్టుకొని గూళ్ల కోసం వస్తున్నారు. ఆ గంపల్లో వాళ్లు అత్తకు వంకాయలు, బెల్లం తెస్తున్నారు. ఎవరూ ఉత్త గంపతో రావడం లేదు. నరసప్ప కూడా మొన్న పెనుకొండ నుంచి నేరేడు పళ్లు తెచ్చాడు. మీ అక్కకు పచ్చ చీర మగ్గం మీద ఉంది, ఎర్ర అంచు.

నీ జాబు అత్తకు చదివి వినిపించాను. చీటీ దగ్గరికి రాగానే "ఇంకోసారి చదువు" అంది. చదివినాను. బావి చెట్టు వైపు చూసి, నిచ్చెన తెమ్మంది. దూలానికి వేలాడే ఆ పాత గోతాము దింపమంది. నేను అడిగాను, మనది కాదంటివి కదా అని. అప్పుడు చెప్పింది. మామ సిలోను నుంచి వచ్చే ముందు ఆ తోటల దగ్గర ఒక ముసలామె విత్తనపు కాయలు ఈ గోతాములో పోసి ఇచ్చిందట. మళ్లీ వచ్చేటప్పుడు గోతాము నింపి తెస్తానని మామ మాట ఇచ్చాడట. పోలేకపోయినాడు. "ఆయన పొయ్యేటప్పుడు కూడా అదే అడిగినాడప్పా, ఆ సంచి సంగతి ఎట్ల పుట్టమ్మా అని. నేనేం చెప్పేది. ఇన్నేండ్లూ దాన్ని సూసినప్పుడల్లా మొగం తిప్పుకుంటి" అంది.

ఆ గోతాము ఆమె బావి దగ్గర తానే ఉతికింది. గట్టు మీద ఆరేసింది. ఆరినాక నన్ను పిలిచి, "ఇప్పుడిది మనది. ఏసుకోప్పా" అంది. మొదటి కోత కొబ్బరికాయలు అందులోనే పోశాను. నీ కోసం పక్కన పెట్టినాం, పడమటి గదిలో ఉంది.

గోవిందరాజులు